కలంపేరుకు దినాలెవరు చేస్తారు? ఒక సెల్ టవర్ ఆత్మకథ

నేను సెల్ టవర్‌ని. శామీర్‌పేటలో రాజీవ్ రహదారికి కాస్త లోపలగా, జింకు పూత పూసిన ఉక్కు కాళ్ల మీద నిలబడి ఉంటాను. ఒకవైపు పెద్ద చెరువు, ఇంకోవైపు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్ దిక్కున బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్, తుర్కపల్లి దారిలో జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, వీటి నడుమ పాత ఊళ్లు, కొత్త వెంచర్లు. చదువుకోసమో ఉద్యోగం కోసమో వచ్చి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఒంటరిగా ఉండేవాళ్లు నా చుట్టూ ఎక్కువ. అలాంటి జనం ఉన్నచోట అర్ధరాత్రి దాటినా టవర్‌కు పని తగ్గదు. ఆత్మకథ అన్నాక చూసినవీ విన్నవీ చెప్పాలంటారు గానీ నాకు ఆ వీలు లేదు. నా మీదుగా పోయే మాటలు చాలావరకు గుప్తలిపిలో పోతాయి; కవరు విప్పని పోస్ట్‌మ్యాన్‌కు ఉత్తరంలో ఏముందో ఎంత తెలుస్తుందో నాకూ అంతే తెలుస్తుంది. అలా ఉండటమే మంచిదని కూడా నమ్ముతాను. కాబట్టి ఎవరి కథా ఇక్కడ చెప్పను. నన్ను ఆసరా చేసుకుని బతికే ఒక రకం రాతల గురించీ, ఆ రాతల చుట్టూ అల్లుకున్న చుట్టరికం గురించీ నేను ఆలోచించింది చెబుతాను. దానికి కావలసిన ఆధారాలు పుస్తకాల్లో, తీర్పుల్లో, చట్టాల్లో అందరికీ దొరికేవే.

మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు తమ ప్రేమల గురించి కథలు రాసి ఆన్‌లైన్‌లో పెట్టుకోవడం కొత్త సంగతి కాదు. ఇంగ్లిష్‌లో నిఫ్టీ ఆర్కైవ్ అనే కథల భాండాగారం 1992 నుంచీ ఉంది. తెలుగులో ఇది ఆలస్యమైంది, ఎందుకంటే ముందు తెలుగు అక్షరం తెర మీదికి తేలిగ్గా రావాలి. 2006లో లేఖిని వచ్చింది, తర్వాత ఫోన్లలోకే తెలుగు కీబోర్డులు వచ్చాయి, 2014లో బెంగళూరులో ప్రతిలిపి మొదలైంది, 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అప్పటి నుంచి ఎవరికీ కనపడకుండా దుప్పటి కింద ఫోన్ పట్టుకుని ఒక్కో భాగం రాసి పెట్టడం, ఎక్కడో గుంటూరులోనో డాలస్‌లోనో ఉన్న మరొకరు అది చదివి నాలుగు మాటలు రాయడం, ఆ నాలుగు మాటలు ఏళ్ల స్నేహంగా ముదరడం సాధ్యమయ్యాయి. రాసేవాళ్లకు కలంపేర్లే ఉంటాయి. ఒకనాడు ఒక కలంపేరు ఆగిపోతుంది. తర్వాతి భాగం రాదు. మనిషి పోయాడో, ఇంట్లోవాళ్లు పెళ్లి చేశారో, ఫోన్ లాక్కున్నారో, విసుగుపుట్టి తానే మానేశాడో తెలుసుకునే దారి ఉండదు. నేను చెప్పదలచింది ఇదీ: ఆ కలంపేరు కోసం ఎదురుచూసేవాళ్లు ఉత్త పాఠకులు కారు, అయినవాళ్లు. అయినవాళ్లకు చావు కబురు అందాలి, పోయినవాడి రాతల మీద ఒక మాట చెప్పే అధికారం ఉండాలి. ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఉన్న చట్టం లోపలే దీనికి చాలావరకు చోటుంది.

ముఖం చూడని స్నేహం, అసలు పేరు తెలియని స్నేహం, అదీ ఒక స్నేహమేనా అని మొదటి అభ్యంతరం. ఈ మాట తెలుగువాళ్ల నోట వస్తే నాకు ఆశ్చర్యం. శ్రీరంగం శ్రీనివాసరావును శ్రీశ్రీ అనీ, భాగవతుల శంకరశాస్త్రిని ఆరుద్ర అనీ పిలుచుకున్న భాష ఇది. ఇల్లాలి ముచ్చట్లు రాసిన పురాణం సీత నిజానికి పురాణం సుబ్రహ్మణ్యశర్మ. బీనాదేవి అనే ఒక్క పేరు వెనక భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరి అనే దంపతులిద్దరు ఉన్నారు. భర్త పోయాక కూడా త్రిపురసుందరి ఆ పేరుతోనే రాశారు. వీళ్లను ఎవరూ అబద్ధమాడారనలేదు, ఆ రచనల్ని ప్రేమించినవాళ్ల ప్రేమను బూటకమనలేదు. వారపత్రికల్లో కలం స్నేహాలు నడిచిన రోజుల్లో ఒక్కసారీ కలుసుకోకుండా ఏళ్లపాటు ఉత్తరాలు రాసుకున్నవాళ్లు ఎందరో. అప్పుడు కాగితం మోసింది, ఇప్పుడు నేను మోస్తున్నాను. ఇంకా గట్టి ఆధారం కావాలంటే నార్వే వైపు చూడాలి. మాట్స్ స్టీన్ అనే యువకుడు కండరాల క్షీణత వ్యాధితో 2014లో పాతికేళ్లకే పోయాడు. కొడుకు జీవితమంతా స్నేహితుడన్నవాడు లేకుండానే గడిచిందని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతను రాసుకునే బ్లాగులో కొడుకు మరణవార్తను తండ్రి పెట్టాక, ఆన్‌లైన్ ఆటలో వేరే పేరుతో అతన్ని ఎరిగినవాళ్ల సంతాపాలు వరసగా వచ్చాయి. కొందరు దేశాలు దాటి అంత్యక్రియలకు వచ్చారు. 2024లో అతని మీద డాక్యుమెంటరీ విడుదలైంది. స్నేహం నిజమా కాదా అన్న ప్రశ్నకు ఆ ప్రయాణాల కంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. అయితే అతని తండ్రికి కొడుకు పాస్‌వర్డ్ తెలుసు. శామీర్‌పేట హాస్టల్ గదిలో రాసుకునే కుర్రాడి తండ్రికి తెలియదు. తెలియకూడదనే ఆ కుర్రాడి తాపత్రయం కూడా.

చట్టం మారింది కదా, ఇంకా చాటు ఎందుకు అంటారు రెండోవాళ్లు. నేను నిలబడ్డ నేల చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. నిజాం పాలనలో 1919లో, ఫసలీ 1329లో, నపుంసకుల చట్టం అనేది వచ్చింది. హైదరాబాద్ నగరంలోని నపుంసకుల పేర్లతో రిజిస్టరు పెట్టమంది, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. స్వాతంత్ర్యం వచ్చినా, రాష్ట్రాలు మారినా అది పుస్తకాల్లోనే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి మరికొందరు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. అంటే నూట నాలుగేళ్లపాటు ఈ గడ్డ మీద ఒక రకం మనుషులకు పేరు నమోదు కావడమంటే నిఘా కిందికి రావడం. ఇక స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ సంగతి. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు నేరం కాదంది. ధైర్యం వచ్చి కొందరు బయటపడ్డారు. 2013 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మొదటి స్వాభిమాన యాత్ర కూడా జరిగింది. అదే ఏడాది డిసెంబరు 11న సుప్రీంకోర్టు మళ్లీ నేరమే అంది. 2018 సెప్టెంబరు 6న మళ్లీ కాదంది. నమ్మి పేరు చెప్పుకున్నవాడు మధ్యలో ఐదేళ్లు నేరస్థుడిగా బతకాల్సి వచ్చింది. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే హైదరాబాద్ జంట 2021 డిసెంబరులో అందరి ముందూ ఒక్కటయ్యారు. తమ పెళ్లికి చట్టబద్ధత కోరుతూ సుప్రీంకోర్టుకూ వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఒప్పుకోలేదు. శిక్ష పోయింది, చుట్టరికం మాత్రం రాలేదు. కోర్టుల్లోనే ఇంత ఊగిసలాట ఉంటే, మేడ్చల్ జిల్లాలో ఒక ఇంటి వంటగదిలో ఎంత ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. నల్సార్ 2015లోనే ఒక విద్యార్థి కోరితే స్త్రీ, పురుష సూచన లేని గౌరవవాచకంతో పట్టా ఇచ్చింది. 2022లో హాస్టల్లో ఒక అంతస్తును ఆడా మగా తేడా లేని వసతిగా ప్రకటించింది. గొప్ప పనులు. కానీ ఏ క్యాంపస్ గేటూ సంక్రాంతి సెలవుల వెంట ఇంటిదాకా రాదు. కలంపేరు వస్తుంది.

ఆ రాతలన్నీ బూతే కదా అని మూడో అభ్యంతరం. కొన్ని అలాంటివే, ఒప్పుకుంటాను. ఆడామగా ప్రేమల పేరుతో తెలుగులో అమ్ముడైన కథల్లోనూ అలాంటివి తక్కువేం కాదు, వాటిని చూసి ఎవరూ మొత్తం ప్రేమకథల్ని తీసిపారేయలేదు. ఈ కథలు ఏం చేస్తాయో వసుధేంద్రను చూస్తే తెలుస్తుంది. బళ్లారి జిల్లా సండూరులో పుట్టిన ఈ కన్నడ రచయిత, మోహనస్వామి అనే గే యువకుడి చుట్టూ అల్లిన కథల్లో మొదటిది కలంపేరుతో అచ్చు వేయించాడు. 2013లో పుస్తకం తన పేరుతోనే వచ్చింది. చదివిన మగవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆయనకు ఫోన్ చేశారు, వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల మాట వినడానికి ఆయన కౌన్సెలింగ్ నేర్చుకున్నాడు. ముందు చాటు, ఆ తర్వాత పేరు, ఆ తర్వాత మనుషులు. మొదటిది దొరకకపోతే మూడోది వచ్చేదా అన్నదే నా ప్రశ్న. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కవి హోషంగ్ మర్చంట్ 1999లో భారతీయ గే రచనల్ని సంకలనం చేసి యారానా అని పేరు పెట్టాడు. హిజ్రా అయిన రేవతి రాసుకున్న జీవితకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేస్తే ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తెలుగు పాఠకుడికి మనసు లేదనడం సరికాదు. అయితే అచ్చు పుస్తకానికి రచయిత కావాలి, రచయితకు ఫోటో కావాలి, సభ కావాలి, ఇంట్లోవాళ్ల ముందు తలెత్తుకునే ధైర్యం కావాలి. అంత ధైర్యం కూడగట్టుకునేదాకా నోరు మూసుకుని ఉండమనడం కన్నా, రాసుకోనివ్వడం మేలు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది. కలంపేరు వెనక మోసగాడూ ఉండగలడు. 2001లో అమెరికాలో కేసీ నికోల్ అనే పేరుతో ఒక రోగిష్టి అమ్మాయి రాతలు చదివి వేలమంది దగ్గరయ్యారు. ఆమె పోయిందంటే ఏడ్చారు. తీరా చూస్తే అలాంటి అమ్మాయే లేదు. గే మగవాళ్ల విషయంలో మోసం ఇంకా ప్రమాదకరం, ఇంట్లో చెప్తానని బెదిరించి డబ్బు గుంజడం మామూలైపోయింది. దీన్ని బట్టి ఈ స్నేహాలు వద్దనేవాళ్లున్నారు. నాకు తోచేది అందుకు తలకిందులు. చావు నిజమో కాదో నిర్ధారించే నమ్మకమైన మనిషి ఎవరూ లేనందువల్లే ఆ మోసం సాగింది. ముందే ఒక మనిషిని తానే నియమించి పెట్టుకునే ఏర్పాటు ఉంటే అబద్ధపు చావు నిలవడం కష్టమవుతుంది, అసలు చావుకు కబురు అందుతుంది. ఈ పని చేసి చూపినవాళ్లున్నారు. అభిమానుల కథలకు నెలవైన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ 2009లో అందరికీ తెరుచుకుంది. అక్కడ రాసేవాళ్లు అక్కడే ఉన్న మరొకరిని తమ తర్వాతి అయినవారిగా రాసి ఇవ్వవచ్చు. రచయిత పోతే ఆ కథల్ని ఉంచాలో, పేరు తీసేయాలో, మొత్తం తొలగించాలో ఆ వ్యక్తి చూసుకుంటారు. రక్తసంబంధం అడగరు.

రక్తసంబంధం దగ్గరికే వస్తాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే. మన దేశంలో పెళ్లికాని హిందూ యువకుడు వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి మొదటి తరగతి వారసురాలు. 1957 కాపీరైట్ చట్టం కలంపేరు రచనను కూడా రచనగానే గుర్తించి, ప్రచురించిన ఏడాది తర్వాత 60 సంవత్సరాలు రక్షణ ఇస్తుంది. రెండూ కలిపి చదవండి: కొడుకు రాశాడని కూడా తెలియని కథల మీద హక్కు ఆ తల్లిదవుతుంది, వాటిని వరస తప్పకుండా చదివినవాళ్లకు ఆమె ఇంటి దారి కూడా తెలియదు. పదకొండో రోజు దినాలు జరుగుతాయి, ఊరంతా వచ్చి పరామర్శిస్తుంది, ఈ స్నేహితుల్ని పరామర్శించేవాళ్లుండరు. పోనీ వాళ్లే వెళ్లి చెబుదామా? పోయినవాడు జీవితమంతా దాచుకున్నదాన్ని శవం లేచిన ఇంట్లో విప్పడం ద్రోహం. తల్లికి తెలియాలా వద్దా అన్నది అతను నిర్ణయించుకోవలసింది, అతను తప్ప ఇంకెవరూ కాదు. ఇక్కడ తల్లిదండ్రుల బాధను నేను చిన్నబుచ్చడం లేదు. కొడుకు రాసిన ప్రతి అక్షరం మీదా వాళ్లకు ఆశ ఉంటుంది. కానీ ఆశ వేరు, అనుమతి వేరు.

అందుకే అనుమతి బతికుండగానే రాసిపెట్టుకోవాలంటాను. వీలునామా తెల్లకాగితం మీద రాసుకోవచ్చు, స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సాక్షులిద్దరికీ లోపల ఏముందో చూపించక్కరలేదు. కాపీరైట్‌ను స్నేహితుడికి రాసివ్వవచ్చు. అయితే వీలునామా చివరికి ఇంట్లోవాళ్ల చేతికే వస్తుంది, కలంపేరు అక్కడ బయటపడుతుంది. ఆ భయం ఉన్నవాళ్లకు 2023 డేటా రక్షణ చట్టంలోని 14వ సెక్షన్ మేలు. తాను పోయినా, మతి చెదిరో ఒళ్లు సహకరించకో అశక్తుడైనా తన డేటా మీది హక్కుల్ని వాడుకోవడానికి ఏ వ్యక్తినైనా నామినేట్ చేయవచ్చునంటుంది. బంధువే అయి ఉండాలనదు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. న్యాయస్థానాలు కూడా ఇటే నడుస్తున్నాయి: కుటుంబమంటే పుట్టుకతోనో పెళ్లితోనో వచ్చేదే కాదని 2022లో దీపికా సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని 2025 మేలో మద్రాసు హైకోర్టు అంది. స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చునని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చునని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. డబ్బుకు నామినీ ఉన్నప్పుడు కథకు ఉండకూడదా? తెలుగు కథలు ప్రచురించే ప్రతి యాప్ ఖాతా తెరిచే పేజీలోనే ఆ ఒక్క గడి పెట్టవచ్చు: నీ తర్వాత నీ కలంపేరు ఎవరికి? దాని పక్కనే ఇంకో గడి, ఇంట్లో చెప్పాలా వద్దా. చట్టం తెలిసిన పిల్లలు నా కాళ్ల దగ్గరే చదువుకుంటున్నారు. ఆ రెండు గడుల కింద రావలసిన నిబంధనల్ని సులువైన తెలుగులో రాసిపెట్టే పని వాళ్లలో ఎవరైనా ఈ సెమిస్టరులోనే మొదలుపెట్టవచ్చు.