ఖాళీ జాగా

ఆగస్టు వచ్చిందంటే చీమకుర్తి డీటీపీ షాపులకి ముహూర్తాల సీజను మళ్ళీ మొదలైనట్టే. క్వారీల వాళ్ళు, పాలిష్ ఫ్యాక్టరీల వాళ్ళు, లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్ళు, ఆఖరికి టీకొట్టు ఆసామి కూడా పంద్రాగస్టు పోస్టరు కావాలంటాడు. ఫ్లెక్సీ కడితే ఊళ్ళోవాళ్ళే చూస్తారు. స్టేటస్ పెడితే సముద్రం అవతల రాయి కొనేవాడు కూడా చూస్తాడు గదా!

మా వీధి చివరి షాపులో కుర్రాడు ఒంగోలు వెళ్ళి డిజైనింగు నేర్చుకొచ్చాడు. వాడికి ఒకటే పిచ్చి, ఖాళీ. పోస్టరులో సగం జాగా ఖాళీగా వదిలితేగానీ వాడికి అన్నం సహించదు. నాలుగు మూలలా నాలుగు తలకాయలు, నడుమ తారాజువ్వలు పెట్టమనే ఊళ్ళో ఈ పిచ్చితో ఎట్టా నెగ్గుకొస్తాడా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

పన్నెండో తారీఖు సాయంత్రం ఒక ఫ్యాక్టరీ ఓనరు వచ్చాడు. నల్లరాతిలో బంగారు నలుసులు మెరిసే గెలాక్సీ గ్రానైటు తెలుసు కదా, ఈ ఊరి పేరుని దేశాలు దాటించిన రాయి, దాన్ని కోసి పాలిష్ పెట్టి అమ్ముతాడు.

“అబ్బాయ్, ఈసారి గోలగోలగా వద్దు. డీసెంటుగా ఉండాల. పైన జెండా, జెండా మధ్యలో మన లోగో, తెల్లపట్టీలో సెల్ నంబరు. అంతే.”

ఆయన లోగో రాయి కోసే గుండ్రటి బ్లేడు, చుట్టూ పళ్ళతో సహా.

“చక్రం తీసి బ్లేడు పెట్టకూడదు బాబాయ్.”

“ఏం? అదీ గుండ్రమే, ఇదీ గుండ్రమే. 1921లో పింగళి వెంకయ్య గారు బెజవాడలో గాంధీ గారికి చూపించిన జెండా అచ్చం ఇదేనా? తెలుపు తర్వాత కలపలా? 1947 జులైలో రాట్నం తీసి చక్రం పెట్టలా? అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడేంది?”

ఆసామికి చరిత్ర తెలియదనుకునేరు. తనకి పనికొచ్చేంతవరకు బాగా తెలుసు.

“అది రాజ్యాంగ సభ మార్చింది బాబాయ్, మనం మార్చలేం” అని కుర్రాడు ఫోను తీశాడు. జెండా మీద అక్షరం ముక్క రాయకూడదని, ప్రకటనలకి జెండాని వాడకూడదని ఫ్లాగ్ కోడ్ చదివి వినిపించాడు. అక్కడితో ఆగాడా? చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని ఆపేందుకు 1950లో చేసిన చట్టం కూడా తెరిచాడు. కేంద్రం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోకూడని వాటి జాబితా ఒకటి ఉంది అందులో. జాతీయ జెండా ఉంది, అశోక చక్రం ఉంది.

(ఈ చట్టం ఉన్నట్టు దేశంలో ఎవరికైనా గుర్తుందా అని నా సందేహం. పంద్రాగస్టు పొద్దున ఫోను తెరవండి. చిట్టీల కంపెనీ మొదలు సిమెంటు బస్తా దాకా జెండా కప్పుకోని సరుకు ఉండదు.)

ఓనరు కాసేపు ఆలోచించాడు. చట్టం అన్నాక ఆయనకి భయమే, క్వారీ లీజుల ఊళ్ళో బతికే మనిషి.

“సరే, జెండా తీసెయ్. గాంధీ గారిని పెట్టు.”

“ఆయన కూడా జాబితాలో ఉన్నారు. క్యాలెండరు మీద అయితే ఓ మాదిరిగా ఒప్పుకుంటారు, అదీ సరుకు ప్రచారానికి కాకపోతేనే.”

“నెహ్రూ?”

“ఉన్నారు.”

“శివాజీ మహారాజు?”

“ఆయనా ఉన్నారు.”

“పోనీ, ప్రధానమంత్రి గారు?”

“ఉన్నారు బాబాయ్.”

ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క లేయరు పోయింది. స్క్రీను మీద పోస్టరు తెల్లగా, పైన చిన్న అక్షరాల్లో ‘స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు’, కింద మూలన వేలిగోరంత లోగో. కుర్రాడి మొహం వెలిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక వాడు కోరుకున్న పోస్టరు అది.

“కొంచెం బోసిగా లేదూ?” అన్నాడు ఓనరు.

“అయితే ప్రకాశం పంతులు గారిని పెడదాం బాబాయ్. జాబితాలో లేరు. వినోదరాయునిపాలెంలో పుట్టారు, మన జిల్లాకి పేరే ఆయనది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించారు. సన్నగా, గీతల్లో, ఓ పక్కగా వేస్తాను. ఎంత బావుంటుందో!”

నాకూ బాగుందనిపించింది. ఓనరు మాత్రం నాలుక కరుచుకున్నాడు.

“మహానుభావుడే, కాదన్లేదు. కానీ బారిస్టరుగా అంత సంపాదించి, అంతా ‘స్వరాజ్య’ పత్రికకి పోసి, చివరికి చేతిలో ఏం మిగుల్చుకున్నాడు చెప్పు? వ్యాపారం చేసుకునేవాళ్ళం, అట్టాంటి ఆయన బొమ్మ పెడితే కలిసిరాదు అబ్బాయ్.”

కుర్రాడు మౌస్ మీంచి చెయ్యి తీశాడు. ఓనరు కుర్చీ ముందుకి జరుపుకుని స్క్రీను వైపు వంగాడు.

“ఆ జాబితా ఇంకోసారి చూడు. మొత్తం చూడు.”

“చూశాను బాబాయ్.”

“నా పేరుందా అందులో?”

“మీ పేరా? లేదు.”

“మరింకేం, నన్ను పెట్టు. ఆ ఖాళీ అంతా నిండేట్టు.”