అద్దెయింటివారికి అర్థశాస్త్ర బోధ

లోకమున దానములు పెక్కు గలవు. అన్నదానము చేయువాడు బియ్యము కొనవలెను, వస్త్రదానము చేయువాడు బట్టలు కొనవలెను, భూదానము చేయువానికి ముందుగా భూమి యుండవలెను; కాని దాతకు దమ్మిడీ ఖర్చు లేక, ఇచ్చినకొలది తరుగక, పుచ్చుకొన్నవాని ఇంట ఏమియు పెరుగక, ఇచ్చినవాని కీర్తిని మాత్రము దినదినము వృద్ధి చేయు దానమొక్కటి కలదు. అది సలహాదానము. రిజర్వు బ్యాంకువారు 2016 నుండి ఏటేట ఆర్థిక అక్షరాస్యతా వారోత్సవములను జరుపుచుండుటచే ఈ దానమునకు ముహూర్తము కూడ నిర్ణయమైనది. ఇక గోదావరి కీవల, భద్రాచలమున కెదురుగా నున్న సారపాక వంటి ఊళ్లలో, రెండు గదుల అద్దెయింట కాపురముండు కూలివానికి ఏటికొక వారమైనను జ్ఞానమునకు కొదువ లేదు.

ఈ శాస్త్రమునకు మూలసూత్రమొక్కటే. పేదవాడు పేదవాడుగా నుండుట కూలి చాలకపోవుట చేత గాదు, అద్దె పెరుగుట చేత గాదు, వడ్డీ చేత అంతకన్న గాదు. ఒక నోటుపుస్తకము కొని, నడుమ నిలువుగీత గీసి, ఎడమప్రక్క ఆదాయమును కుడిప్రక్క వ్యయమును వ్రాసికొనకపోవుట చేతనే యట!

బోధ యెట్లు సాగునో చిత్తగింపుడు. మహిళా సంఘము కూడిన చోట బోధకుడు గోడకు పటము తగిలించి, 'అవసరము' అని యొకటి, 'కోరిక' అని యొకటి, రెండు గడులు చూపి, ఇంటిఖర్చులను వానిలో విడదీసి చెప్పుడనును. కాగితపు మిల్లులో కాంట్రాక్టు పనికి పోవువాని భార్య లేచి, "కిరాయి ఏ గడిలో రాయాల సారూ?" అని యడుగును. అవసరము గడిలో వ్రాయుమనగా, "సంఘం కిస్తీ?" అనును. అదియు అవసరమే. "పిల్లగాడి ఫీజు? మా అత్త బీపీ గోలీలు? గ్యాసు?" అన్నియు అవసరములే యగుటచే ఆ గడి నిండి, అంచు దాటి, రెండవ గడిలోనికి పొరలిపోయిన పిమ్మట ఆమె, "ఇంక రెండో గడి ఎందుకు సారూ, ఆ గీత చెరిపెయ్యండి" అని కూర్చుండును. బోధకుడు మందహాసము చేసి తరువాతి పటమును విప్పును.

ఈ యిల్లాలికి లెక్కలు రావట! నూటికి మూడు రూపాయల వడ్డీ యనగా ఏడాదికి ముప్పదియారని ఆమెకు వేరొకరు చెప్పనక్కరలేదు. పదివేలకు నోటు వ్రాయించుకొని, పదిహేనువందలు ముందే పట్టుకొని, ఎనిమిదివేల ఐదువందలు చేతబెట్టి, దినమునకు నూరు చొప్పున నూరు దినములు వసూలు చేసికొను గిరిగిరి వడ్డీ పైకి చూడ నూటికి పదిహేనుగా కనబడును. అసలు దినదినము తీరిపోవుచున్నను వడ్డీ మాత్రము మొదటనే మొత్తముమీద కోసికొనబడినదని గణించినచో అది ఏడాదికి నూటికి నూరు దాటును. ఈ గణితము బోధకుని పటమున లేదు, ఆమె వ్రేళ్లకొసల నున్నది. తెలిసియు ఏల తీసికొనెనందురా? బిడ్డకు జ్వరము ముదిరిన రాత్రి పదిగంటలవేళ పిలిచినంతనే సొమ్ముతో వచ్చినవాడు ఆ వీధిలో అతడొక్కడే గనుక. లైసెన్సు లేకుండ వడ్డీవ్యాపారము చేయరాదని షెడ్యూల్డు ప్రాంతములకు 1960లోనే ప్రత్యేకముగా రెగ్యులేషను వచ్చినది. అది వచ్చిన సంగతి గిరిగిరివానికి ఇంకను తెలిసినట్లు లేదు, ఆతనికి అక్షరాస్యతా వారోత్సవము ఎవరును చేయరు గదా!

ఇక పెద్ద శాస్త్రమును చూతము. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయము గల కుటుంబమునకు తాకట్టు లేకుండ ఇచ్చునది సూక్ష్మరుణమనియు, అట్టి యింటి కిస్తీలన్నియు కలిసి నెలసరి ఆదాయములో సగము మించరాదనియు 2022లో రిజర్వు బ్యాంకు నియమించినది. దయగల నియమమే, కాదనను. ఆ లెక్కన నెలకు 14,000 వచ్చు యింట 7,000 కిస్తీలకు పోవుట శాస్త్రసమ్మతము. మిగిలిన ఏడువేలలో అద్దెయు, కరెంటును, కూరానారయు, మందులును పోగా, శేషమును ఆరునెలల ఖర్చునకు సరిపడు ఆపత్కాల నిధిగా దాచుకొమ్మని బోధకుని ఆనతి. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటి, ఒడ్డునున్న ఇండ్లలో జొరబడినప్పుడు, ఆ నిధిని ఏ అటుకమీద దాచవలసియుండెనో ఆయన సెలవీయలేదు.

లెక్క రాకపోవుట గాదు, కాగితము లేకపోవుటయే అద్దెవాని వ్యాధి. వింత యేమనగా, దేశమున పేరుమోసిన కాగితపు కర్మాగారములలో నొకటి ఈ సారపాకలోనే యున్నది. రేయింబవళ్లు అట్టలును కాగితములును పుట్టించు ఊరిలో, తాను ఫలానా యింట కాపురమున్నాడని చెప్పు కాగితము అద్దెవానికి దొరకదు. యజమానిని ఒప్పందము వ్రాసి యిమ్మన్నచో ఆయన గుండెలు బాదుకొనును. భూమి గిరిజనేతరుల పేర మారరాదను 1/70 చట్టము అమలులోనున్న మన్యమున ఆయనకే రిజిస్టరు దస్తావేజు ఉండుట అరుదు. గిరిజనుల భూమిని కాపాడుటకు ఆ చట్టము వలయును, దానిని తప్పుపట్టరాదు. కాని తెల్లకాగితముమీద ఇల్లు కొన్న యజమాని, అద్దెవానికి తెల్లకాగితమైనను ఇచ్చుటకు జంకుచున్నాడు.

ఈ కాగితపు మహిమ చేత పథకములు గడప దాటునప్పుడు దారి తప్పుచున్నవి. 2024 మార్చి మొదలుకొని 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితము, అద్దెయిండ్లవారికిని వర్తించునన్నారు. కాని మూడు వాటాలకు ఒకే మీటరున్న చోట ముగ్గురి వాడకము కలిసి రెండువందలు దాటుటయో, దాటనిచో సున్నా బిల్లు యజమాని పెట్టెలో భద్రముగా నుండి యూనిటుకింత యని అద్దెవానివద్ద వసూలగుటయో సంభవించును. సున్నాను కనిపెట్టిన దేశమున సున్నాను అమ్ముకొన నేర్చినవారిని మెచ్చుకొనవలదా? అదే నెల 11వ తేదీన ఇందిరమ్మ ఇండ్ల పథకమును వంతెన కావల భద్రాచలముననే ముఖ్యమంత్రి ప్రారంభించిరి: ఇంటికి 5 లక్షలు, తొలివిడత సొంతజాగా గలవారికి. జాగా లేకపోవుట చేతనే గదా వాడు అద్దెయింట నున్నాడు!

మరి అన్నియు ఇట్లే యనుట అన్యాయమగును. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమినాడు, ముఖ్యమంత్రి సారపాకలో ఒక లబ్ధిదారుని యింట సన్నబియ్యపు భోజనము చేసిరి. ఆ బియ్యము మనిషికి ఆరుకిలోల చొప్పున వచ్చుచున్నది. రేషను కార్డులో తలలెన్ని యని అడుగునే గాని ఇల్లెవరిదని అడుగదు. మనిషిని పట్టుకొని వచ్చు సాయము అద్దెవానిని చేరును. జాగాను, మీటరును పట్టుకొని వచ్చునది యజమాని వాకిట నిలిచిపోవును. ఇంత చిన్న సంగతి అన్ని పటములు వ్రాసినవారికి తట్టకపోవుట ఆశ్చర్యము.

అప్పు బాధ ఈ సీమకు క్రొత్తది గాదు. పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న సర్కారు పైకముతో గుడి కట్టించి గోలకొండ చెరలో పడగా, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలై రాత్రివేళ తానీషాకడకు పోయి ఆరులక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని భక్తుల గాథ. దేవుడంతవాడును రసీదు అడిగి తీసికొనెనని గమనింపుడు. నేటి బోధకుడే అక్కడ నుండియున్నచో చెరసాలకు పోయి, "గోపన్నగారూ, గోపురము అవసరమా, కోరికయా?" అని పటము విప్పియుండును.

నిజమైన సాయము దుర్లభము గాదు, దానిని చెప్పువారే దుర్లభులు. ఉదయము తొమ్మిదికి ముందును సాయంకాలము ఆరు తరువాతను వసూలుకై ఫోను చేయరాదని సూక్ష్మరుణ నియమములలోనే కలదు. మాట వినని సంస్థకు ముందు వ్రాతమూలక ఫిర్యాదిచ్చి, ముప్పది దినములలో పరిష్కారము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండ మొరపెట్టుకొనవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, కార్ఖానా కార్మికులకును 1987 చట్టము ప్రకారము ఉచిత న్యాయసహాయము హక్కు. 15100కు ఫోను చేసిన చాలును. ఈ మాటలు చెప్పుటకు పటము వలదు, పూలదండ వలదు. ఒక బల్ల, ఒక కలము, దరఖాస్తు నింపి యిచ్చు మనిషి, అది ఏ బల్లపై ఆగినదో మరునెల అడుగు మనిషి, ఇంతమాత్రము చాలును. కాని బల్లయొద్ద కూర్చున్నవానికి ఫోటో రాదు.

పొదుపు చెడ్డదా యని బోధకులు కోపింతురు. చెడ్డది కానే కాదు. ఆ యిల్లాలు చారెడు బియ్యము మిగిల్చి రేపటికుంచుట వారు పుట్టకమునుపే ఆమె అవ్వవద్ద నేర్చినది. మిగిలినదానిని దాచుమనుట హితోపదేశము, మిగులనిదానిని దాచుమనుట పరిహాసము. పరిహాసమాడుటకు పత్రికలలో మావంటివారము జీతము లేక పనిచేయుచునే యున్నాము. బోధకులు ఆ శ్రమను మాకు విడిచి, ఒక్క వారము దరఖాస్తులు వ్రాసి పెట్టుదురు గాక.