రశీదు ఇవ్వని విశ్వవిద్యాలయం

కొంగరకలాన్‌లోని రంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి నడుస్తుంది. పాస్‌బుక్కులో నాలుగు గుంటలు మాయమయ్యాయని వచ్చిన రైతుకు పని అవుతుందో లేదో గానీ, అర్జీ తీసుకునే మనిషి ఎదురుగా కనిపిస్తాడు, రశీదు చేతికొస్తుంది. సర్కారు ఆఫీసును ఆదర్శంగా చూపాల్సిన గతి పట్టింది, ఏం చేస్తాం! అదే ఊళ్లో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షిఫ్టు దిగి ఆన్‌లైన్ డిగ్రీ చదువుకుందామనుకునే కుర్రాడికి ఆ భాగ్యమూ లేదు. పాఠాలు ఏటికేడు నాసిరకమవుతున్నాయని ఫిర్యాదు చేస్తే, అతని అభిప్రాయం ఎంతో విలువైనదని ఓ యంత్రం జవాబిస్తుంది. విలువ ఎంతో మాత్రం చెప్పదు.

కాగితం మీద లోటేమీ లేదు. 2020లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ కోర్సుకు నాలుగు అంగాలుండాలి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, సందేహాలు తీర్చే చర్చ, స్వయం మూల్యాంకనం. మొదటి రెండూ ఒకసారి తయారుచేస్తే ఏళ్ల తరబడి అమ్ముకోవచ్చు. నాలుగోది కంప్యూటరే చూసుకుంటుంది. జీతమిచ్చి మనిషిని పెట్టాల్సింది మూడోదానికే, కాబట్టి ముందు కోత పడేదీ దానికే. అక్కడ ప్రశ్నలే తప్ప జవాబులు కనిపించకపోతే, దాన్ని ప్రశ్నపత్రం అనుకుని యూనివర్సిటీ వదిలేసిందనుకోవాలి. విద్యార్థి 75 శాతం పాల్గొంటేనే పరీక్షకు అర్హుడు. అధ్యాపకుడి హాజరు ఎంతో అడగడం మాత్రం అవిధేయత! పైగా ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీ డిగ్రీ సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో ప్రకటించింది. సమానమైన డిగ్రీకి సమానమైన బోధన కోరడంలో గొంతెమ్మ కోరికేముంది?

ఇచ్చే ఫీజుకు ఇంతకన్నా ఏమొస్తుందని కొందరంటారు. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేద్కర్ యూనివర్సిటీ, మన నేల మీద పుట్టిందే తక్కువ ఖర్చుతో చదువు చెప్పడానికి. అది పుస్తకాలు పంపి ఊరుకోలేదు, స్టడీ సెంటర్లలో మనుషుల చేత పాఠాలు చెప్పించింది. విద్యార్థులే వీడియోలు చూడరన్నది మరో వాదన. అందులో నిజముంది, చూడకుండా పట్టా కోరేవాళ్లు ఉన్నారు. అలాంటివారిని ఫెయిల్ చేసే హక్కు యూనివర్సిటీకి ఉండనే ఉంది. ఫీజు పోతుందని ఆ హక్కును వాడుకోకపోతే తప్పెవరిది? ఇక అధ్యాపక పోస్టులు ఖాళీ అంటారా, సీట్లూ ఖాళీగానే ఉంచండి.

దిగజారిన చదువు బిల్లు చివరికి ఎవరికొస్తుందో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో తెలిసింది. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలిచ్చిన నాలుగు డీమ్డ్ యూనివర్సిటీల్లో 2001-05 మధ్య చేరినవారి డిగ్రీలు సస్పెండయ్యాయి. ఏఐసీటీఈ పెట్టే పరీక్ష నెగ్గితేనే అవి నిలుస్తాయన్నారు. తప్పు సంస్థలది, హాల్‌టికెట్ విద్యార్థులది. అందుకే పట్టా చేతికొచ్చాక కాదు, పాఠం నడుస్తుండగానే నిలదీయాలి. యూజీసీ 2023 నిబంధనలు ఆ దారి చూపాయి: ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, అక్కడ న్యాయం దక్కకపోతే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఏడాది దాటాక, 2024 జూన్‌లో యూజీసీ లెక్క తీస్తే ఆ అంబుడ్స్‌పర్సన్‌ను నియమించని యూనివర్సిటీలు 157 తేలాయి. ఆన్‌లైన్ కోర్సులో చేరబోయేవారు ఫీజు ఎంతని అడిగే ముందు, ఆ పదవిలో ఎవరున్నారో అడగండి.