ఎండా కాసింది, బిల్లూ కాసింది

బెజవాడలో ఎండకు కరువేమిటి! వడియాలు, ఒరుగులు, మాగాయ ముక్కలు... ఏ సబ్సిడీ అడక్కుండా ఆడవాళ్లు తరతరాలుగా డాబా మీద నడుపుతున్న సౌర పరిశ్రమ అది. ఇప్పుడు అదే డాబా మీదికి కరెంటు కంపెనీ కూడా ఎక్కింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటిమీద 3 కిలోవాట్ల సౌర పలకలు పెట్టించుకుంటే కేంద్రం 78 వేల రూపాయలు ఇస్తుంది.

సొంత డాబా ఉన్నవాళ్ల మాట అది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో డాబా ఎవరిది? బట్టలు ఆరేసేటప్పుడు అందరిదీ, వానకు కారేటప్పుడు పై అంతస్తువాళ్లది. లిఫ్టుకీ నీళ్ల మోటారుకీ ఉమ్మడిగా పెట్టుకుంటే కిలోవాటుకు 18 వేలు ఇస్తారని, అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్న రిటైర్డ్ మాస్టారు మూడు మీటింగులుగా చెబుతున్నాడు. మూడింటికీ కోరం లేదు.

ఈలోగా బిల్లు మాత్రం క్రమం తప్పలేదు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని చదివాడు: ఎనర్జీ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం, ఆ కింద సర్దుబాటు. ఎప్పటి సర్దుబాటు? 2022-23లో బొగ్గుకూ కరెంటు కొనుగోలుకూ అనుకున్నదానికన్నా ఎక్కువైందట. ఆ 6 వేల కోట్ల పైచిలుకును 2024 డిసెంబరు నుంచి వడ్డించారు. దాని వెనకే 2023-24 బాకీ, ఇంకో 9 వేల కోట్ల పైచిలుకు. రెండేళ్ల కిందట తిన్న ఇడ్లీకి అప్పట్లో మినప్పప్పు పిరమైందంటూ హోటలువాడు ఇంటికొచ్చి చెయ్యి చాపినట్టు! అప్పుడు ఆ ఫ్లాట్లో అద్దెకున్నవాడు ఖాళీ చేసి వెళ్లినా, వాడు తిప్పిన ఫ్యాన్ ఖర్చు ఇప్పుడున్నవాడి బిల్లులో తిరుగుతోంది. 2025 నవంబరులో తగ్గింపు కూడా వచ్చిందండోయ్. యూనిట్‌కు 13 పైసలు.

బొగ్గు ధరతోనే ఈ గోలంతా అయితే ఎండ ఉండనే ఉంది కదా అనొచ్చు. ఉంది. కర్నూలు సీమలో గని అనే ఊరుంది. పేరుకే గని, అక్కడ తవ్వుకునేది ఎండని. 2017లో అక్కడ 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. 2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారి, పాత సౌర, పవన ఒప్పందాల ధర ఎక్కువని తిరగదోడింది. పంచాయితీ హైకోర్టుకెక్కింది. ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టి, బకాయిలు తీర్చమని 2022 మార్చిలో కోర్టు చెప్పింది. సూర్యుడు మాత్రం ఆ మూడేళ్లూ ఒక్క వాయిదా కూడా అడగలేదు.

అసలు చిక్కు సాయంత్రం ఆరు తర్వాత. ఇంటింటా లైట్లు, ఏసీలు వేసే వేళకు ఆయన డ్యూటీ దిగిపోతాడు. అందుకే ఆ సీమలోనే పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పెట్టారు: మిగులు కరెంటుతో నీళ్లను పై రిజర్వాయరుకు తోడి, గిరాకీ వేళ కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. నీళ్లు కొండెక్కితే దీపం కొండెక్కదన్నమాట.

నాలుగో మీటింగుకు జనం వచ్చారు. మాస్టారు సబ్సిడీ లెక్క మొత్తం వివరించి, సందేహాలుంటే అడగమన్నాడు. మూడో అంతస్తు పెద్దావిడ లేచింది.

"అంతా బాగుంది మాస్టారూ, మరి వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి?"

తీర్మానం వాయిదా పడింది.