పేరు కోసం పదహారేండ్లు

మా రోజుల్లో ఒక విశ్వవిద్యాలయం పేరు కోసం పదహారేండ్లు కొట్లాడిన్రు. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. వాళ్లకు పేరు మారుడంటే అసెంబ్లీల ఒక బిల్లు, మర్నాడు పేపర్ల ఒక ఫొటో.

మా కందకుర్తి కాడ గోదావరి దాటితే నాందేడ్ జిల్లా. 1956 దాకా రెండు ఒడ్లూ హైదరాబాద్ రాష్ట్రమే. ఇటు చదివినా అటు చదివినా పట్టా మీద ఉస్మానియా పేరే. 1938ల వందేమాతరం పాడినందుకు పిల్లలను బయటికి పంపిన విశ్వవిద్యాలయం అది. అయినా రజాకార్ల దినాలు చూసిన మా పెద్దలు ఆ పేరు తీసెయ్యాలని ఒక్కనాడు అనంగ నేను వినలేదు. చదువు దొరికింది, అది చాలనుకున్నరు.

రాష్ట్రాలు వేరైనంక 1958ల ఔరంగాబాదుల మరాఠ్వాడా విశ్వవిద్యాలయం పెట్టిన్రు. దానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని దళితులు అడిగిన్రు. అడిగేందుకు వాళ్లకు హక్కుండె. ఆ ఊర్లనే 1950ల అంబేడ్కర్ కాలేజీ తెరిస్తే కదా, తరతరాలు బడి మొఖం చూడనోళ్ల పిల్లలు డిగ్రీ దాకా పోయింది! 1978 జులైల మహారాష్ట్ర ఉభయ సభలు తీర్మానం చేసినయి. అంతే, మరాఠ్వాడా పల్లెలల్ల దళితవాడలు అంటుకున్నయి. నాందేడ్ జిల్లా టెంభుర్ణిల పోచిరాం కాంబ్లేను చంపిన్రు. మా ఊర్లె చానమందికి అవతల చుట్టాలున్నరు. అటునుంచి వచ్చినోళ్లు ఆ కాలిన ఇండ్ల సంగతి చెప్తుంటే ఇంట్ల ఎవ్వరికీ ముద్ద దిగకపోయేది. తీర్మానం అటకెక్కింది. మరుసటేడు నాగపూర్ నుంచి ఔరంగాబాదుకు లాంగ్ మార్చ్ కట్టిన్రు. 1993ల నాందేడుల గౌతం వాఘ్మారే అనే మనిషి ఒంటికి నిప్పు పెట్టుకున్నడు. అప్పటికి గని సర్కారు కదల్లేదు. 1994 జనవరి 14న పేరు వచ్చింది: డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం.

పాత పేరు పోలేదు, దాని ముందట కొత్త పేరు చేరింది. అడిగింది మార్పు, ఇచ్చింది చేర్పేనని బాధపడ్డోళ్లు ఉన్నరు, వాళ్ల బాధ న్యాయమైందే. కానీ అదే ఏడు సెప్టెంబరుల నాందేడుకు వేరే విశ్వవిద్యాలయమే వచ్చింది, స్వామి రామానంద తీర్థ పేరు మీద. నిజాం మీద హైదరాబాద్ స్టేట్ కాంగ్రెసును నడిపిన పెద్దమనిషి. ఎవ్వరి పేరూ చెరపకుండ ఆయనకు గౌరవం దక్కింది.

ఇగ ఇప్పటి సంగతి. 1985ల ఎన్టీఆర్ పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి 1998ల పొట్టి శ్రీరాములు పేరు పెట్టిన్రు. 2025 మార్చిల ఆ పేరు తీసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ మన అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రం విడిపోయి పదేండ్లు దాటింది కాబట్టి మన సంస్థకు మన మనిషి పేరు ఉండాలన్నది సర్కారు మాట. శ్రీరాములు పేరు చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కు పెట్టాలని ఢిల్లీకి రాస్తమన్నరు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 దినాలు ఉపాసముండి ప్రాణమిడిచిన మనిషికి ఇది మర్యాదేనా?

సురవరం అంటే నాకు ప్రాణం. అందుకే కోపమొస్తున్నది. తెలంగాణల కవులే లేరని ఎవరో రాస్తే ఆయన ఎవరి పేరునూ కొట్టెయ్యలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి 354 మంది కవులను పోగుచేసి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. అట్లాంటాయన పేరు నిలబెట్టాలంటే ఇంకొకరి పేరు తియ్యాల్నా? ఆయన పుట్టిన గద్వాల దిక్కు కొత్తది కట్టరాదా?

రుద్రూరు చెరకు, వరి పరిశోధన కేంద్రం మాకు దగ్గర. అది ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964ల ఆంధ్రప్రదేశ్ పేరుతోని మొదలై, 1996ల ఎన్జీ రంగా పేరుకు, 2014ల జయశంకర్ సారు పేరుకు మారింది. ఇద్దరూ దండం పెట్టదగినోళ్లే. కానీ బోర్డు మారినప్పుడల్లా రైతు అడిగింది మంచి విత్తనం. 2015 డిసెంబరుల బోధన్ శక్కర్ ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరకు వదిలి ఏం వెయ్యాలె అని అడిగిండు.

మన డిచ్‌పల్లిల 2006ల పెట్టింది తెలంగాణ విశ్వవిద్యాలయం. రాష్ట్రం రావడానికి ఎనిమిదేండ్ల ముందే ఆ పేరు సర్కారు బోర్డు మీదికెక్కింది. ఎవరి పేరూ తియ్యలేదు. అట్లా పెట్టాలె. రైతుకు విత్తనమెట్లనో చదువుకునే పిల్లలకు సార్లు అట్ల. ఇగ ముందు పేరు మార్చే బిల్లు ఏది తెచ్చినా, ఖాళీగున్న అధ్యాపకుల కొలువులు ఏ ఏడు ఎన్ని నింపుతరో అదే బిల్లుల రాయాలె. ఆ రాత లేకుంటే మా ఎమ్మెల్యే దానికి చెయ్యెత్తొద్దు.