ఇసుకలో మీ చుట్టం

నా జాతికి మొదట పేరు పెట్టిన పీటర్ సైమన్ పల్లాస్ నన్ను గుల్లలేని నత్తల్లో కలిపేశాడు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరం నుంచి చేరిన మావాణ్ణొకణ్ణి చూసి, 1774లో అలా రాశాడు. అరవై ఏళ్లకు మా నేపుల్స్ సముద్రంలో ఒరోంజియో కోస్టా నన్ను పరిశీలించి, వెన్నెముక ఉన్నవాటికి దగ్గరివాణ్ణని గుర్తుపట్టాడు. 1836లో యారెల్ పెట్టిన ఆంఫియాక్సస్ అన్న పేరుతోనే మీ పిల్లలు పరీక్షల్లో నా బొమ్మ గీస్తారు.

నా ఒళ్లు అయిదు సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. ముతక ఇసుకలో దాక్కుని నోరొక్కటే పైకి పెడతాను. నోట్లోకొచ్చిన నీరు గ్రసని గోడల్లోని చీలికల గుండా బయటికి పోతుంది, అందులోని సన్నటి ఆహారం జిగురుకు అంటుకుని లోపల ఉండిపోతుంది. నాకు పుర్రె లేదు, దవడల్లేవు, గుండె లేదు. నా రక్తానికి రంగు లేదు. రక్తనాళాలే ముడుచుకుంటూ దాన్ని నడిపిస్తాయి.

ఇన్ని లేకపోయినా నేను మీ కార్డేటా వర్గంలోనే ఉన్నాను. వీపు పొడవునా నాణేలు దొంతర పెట్టినట్టున్న పలకలతో పృష్ఠవంశం, దానిపైన బోలుగా ఉండే నాడీదండం, గ్రసనిలో చీలికలు, పాయువు దాటి సాగిన తోక: ఇవే ఆ వర్గపు గుర్తులు. మీకూ ఇవన్నీ పిండదశలో ఉన్నవే. మీ పృష్ఠవంశం చోటును వెన్నుపూసలు ఆక్రమించాయి. దాని శేషం మీ డిస్కుల నడుమ మెత్తటి గుజ్జుగా మిగిలింది. నాకు మాత్రం అది బతికినన్నాళ్లూ ఉంటుంది, మెదడును దాటి ముట్టె కొస దాకా సాగుతుంది. సెఫలోకార్డేటా అని నన్ను విడిగా పెట్టింది అందుకే.

మన వర్గంలోనే మరో శాఖ యూరోకార్డేటా; అందులోని ఎసిడియన్ల సంగతి ఇంకా విచిత్రం. రాయికి అతుక్కుని తిత్తిలా కనిపించే ఆ జీవిని చాలాకాలం ఏకంగా నత్తల బంధువుల్లో లెక్కేశారు. 1866లో అలెగ్జాండర్ కొవలేవ్‌స్కీ దాని పిల్లను చూశాడు. ఈదే ఆ డింభకం తోకలో పృష్ఠవంశం, పైన నాడీదండం! రాయి దొరికాక తోకను తనలోనే ఇముడ్చుకుంటుంది, ఆ రెండూ మాయమవుతాయి. మరుసటేడు ఆయనే నా పిండం పెరిగే తీరునూ రాశాడు. ముఖాలు పోల్చి చుట్టరికం కట్టే పద్ధతిని అంతగా కదిలించిన పని మరొకటి లేదని నా నమ్మకం. పురుగులాంటి బెలనోగ్లోసస్‌నూ ఒకప్పుడు మాలో కలిపారు. దాని తుండంలోనిది అసలు పృష్ఠవంశం కాదని తేలాక హెమికార్డేటా వేరే వర్గమైంది.

వెన్నెముక ఉన్నవాటికి అందరికన్నా దగ్గరి చుట్టాన్ని నేనేనని నూరేళ్లకు పైగా చెప్పుకున్నారు. ఫ్లోరిడా తీరంలోని మా దాయాది జన్యుపటం 2008లో వెలువడ్డాక ఆ స్థానం ఎసిడియన్ల వర్గానిదేనని గట్టిపడింది; ముందుగా విడిపోయిన శాఖ మాది. మీ పూర్వీకుణ్ణని మాత్రం నన్ను అనకండి. మన దారులు చీలి యాభై కోట్ల ఏళ్లు దాటింది, మీలాగే నేనూ ఈనాటి జీవిని. నా గ్రసని అడుగున జిగురు ఊరించే ఎండోస్టైల్ అనే గాడి ఉంది, అది అయోడిన్‌ను పట్టుకుంటుంది. లాంప్రే అనే చేప పిల్లలో అలాంటి గాడే పెద్దయ్యేసరికి థైరాయిడ్‌గా మారుతుంది. మీ గొంతు దగ్గరున్న థైరాయిడ్ గ్రంథి పుట్టుకను శాస్త్రజ్ఞులు ఈ గాడి దాకా వెతుక్కుంటూ వచ్చారు.