గడ్డి పంచాంగం

కాలిఫోర్నియాలో ఇల్లు కొన్నవాడికి ఇంటితోపాటు కాస్త గడ్డి కూడా అంటగడతారు. దాన్ని లాన్ అంటారు. నీళ్ళు పెట్టి పెంచాలి, పెరిగాక కోసి చెత్తడబ్బాలో పొయ్యాలి, కోశాం గనక మళ్ళీ నీళ్ళు పెట్టాలి. మెయ్యడానికి పశువుండదు, కూర్చోవడానికి తీరికుండదు. పిల్లలు ఆడుకుంటారా అంటే వాళ్ళు ఐప్యాడ్ వదిలి గడప దాటరు. మరెవరి కోసం ఇదంతా? ఎదురింటాయన కోసం. ఆయన లాన్ మన కోసం.

2015లో మా నాన్న అనంతపురం నుంచి వచ్చారు. అప్పటికి ఇక్కడ కరువు నాలుగో ఏట పడింది. ఏప్రిల్ 1న గవర్నర్ జెర్రీ బ్రౌన్ సియెర్రా నెవాడా కొండల మీద, అయిదడుగుల మంచు ఉండాల్సిన చోట ఎండుగడ్డి మీద నిలబడి, పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గి తీరాలని ఉత్తర్వు ఇచ్చారు. తేదీ చూసి నాకు నవ్వొచ్చింది. నీళ్ళ బిల్లుతో రూల్సు కాగితం వచ్చేదాకానే ఆ నవ్వు.

బేసి నంబరు ఇళ్ళవాళ్ళు సోమ, గురువారాలు; సరి నంబరు వాళ్ళు మంగళ, శుక్రవారాలు. పగటిపూట గడ్డికి నీళ్ళు పెట్టరాదు. వాన పడితే 48 గంటలు పెట్టరాదు. పెట్టిన నీళ్ళు సైడ్‌వాక్ మీదికి పారరాదు. గొట్టానికి నాజిల్ లేకుండా కారు కడగరాదు. వాకిలి గొట్టంతో కడిగితే రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా. హోటల్లో అడిగితేనే మంచినీళ్ళు.

నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "ఇది పంచాంగం కదరా!" అన్నారు. ఆ రోజు నుంచి ఆ కాగితం ఫ్రిజ్ మీద, పూజగదిలోని అసలు పంచాంగం కంటే ఎక్కువ మర్యాద అందుకుంది. మాది సరి నంబరు ఇల్లు. సోమవారం ఉదయం నేను స్ప్రింక్లర్ టైమరు దగ్గరికి వెళ్తే, "వర్జ్యం! ముట్టుకోవద్దు!" అని హాల్లోంచి కేక. మంగళవారం చీకటి పడ్డాక మాత్రం అమృతఘడియలు.

అంతటితో ఆగితే బాగుండేది. "మీకాడ ఏటా ఎంత వాన పడుతుందిరా?" అని అడిగారు. శాన్ హోసేలో సగటున పదిహేను అంగుళాలు, అదీ చలికాలంలోనే, గడ్డికి దాహమేసే ఎండాకాలంలో చుక్క పడదు అన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. దేశంలో బాగా తక్కువ వానలు పడే జిల్లాల్లో ఒకటని పేరున్న అనంతపురంలోనే ఇరవై అంగుళాలు దాటుతుంది.

"కరువు లేని దేశానికి కొడుకును పంపినాననుకుంటి. మేం ఇరవై అంగుళాల్లో శెనక్కాయ ఏసి తిప్పలు పడతాంటే, మీరు పదైదు అంగుళాల్లో గడ్డి పెంచుతాండారా! అదీ ఎనుము లేకుండా!"

లెక్కకు కూర్చుంటే ఆయన మాటే నెగ్గుతుంది. వెయ్యి చదరపు అడుగుల గడ్డికి ఒక్క అంగుళం నీరు కావాలంటే 620 గాలన్ల పైమాటే, దాదాపు 2,360 లీటర్లు. హైదరాబాదులో ఫోన్ చేసి, బతిమాలి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరులో ఇంచుమించు సగం. ఆ సగం ట్యాంకరు ఎదురింటాయన కళ్ళ చలువకు.

ఇండియన్ స్టోర్సు నుంచి ప్లాస్టిక్ బకెట్, మగ్గు వచ్చాయి. షవర్లో వేణ్ణీళ్ళు వచ్చేలోగా పారే చన్నీళ్ళన్నీ బకెట్లోకి. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు కుండీలోని కరివేపాకుకి. అంతకుముందు నాలుగు రెబ్బలతో నీరసంగా ఉండే ఆ మొక్క, చుట్టుపక్కల తెలుగువాళ్ళకు పంచేంత ఎదిగింది. లాన్ మాత్రం గోధుమ రంగుకు తిరిగింది.

వీధిలో మర్యాదలూ తిరగబడ్డాయి. పచ్చగా ఉన్న లాన్ నిన్నటిదాకా గౌరవం, ఇప్పుడు అనుమానం. అలాంటి ఇళ్ళ ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టి పరువు తీసేవాళ్ళు బయల్దేరారు. ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టే కంపెనీలకు గిరాకీ పెరిగింది. పక్క వీధిలో ఒకతను స్ప్రేగన్ పట్టుకుని గడ్డికి రంగు కొడుతుంటే నాన్న నడక ఆపి నిలబడిపోయారు. "మేక తింటే ఏంగావాలరా?" అన్నారు. ఆయనకు ఎంతసేపూ పశువుల గోలే.

ఈలోగా మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం: మీ లాన్ ఎండిపోయి వీధి అందం చెడుతోంది. తడిపితే సర్కారుకు కోపం, తడపకపోతే సంఘానికి. నయమేమిటంటే, కరువు ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్ళు నీళ్ళు తగ్గించినందుకు ఇలాంటి సంఘాలు జరిమానా వెయ్యకూడదని 2014లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి మర్యాదగా రాసి పంపాను. నాన్న చెప్పిన జవాబు మర్యాదగా లేదు గనక రాయలేదు.

గడ్డి పీకేస్తే చదరపు అడుగుకు రెండు డాలర్ల దాకా కొన్ని నీటి సంస్థలు ఎదురిచ్చాయి. "కలుపు తీస్తే కూలి డాలర్లలోనా!" అని నాన్న పంచె ఎగ్గట్టారు. విజిటర్ వీసా మీద కూలికి పోకూడదని ఆపాల్సొచ్చింది.

నిజానికి ఈ రాష్ట్రంలో జనం వాడే నీటిలో 80 శాతం దాకా పొలాలకే పోతుంది. మా లాన్ ఎండబెట్టడం సముద్రంలో కాకిరెట్టే అన్నాను. "సేద్యం వేరురా. బాదంపప్పు తింటాండావు, ఈ గడ్డి తింటాండావా?" అన్నారు. జవాబు లేదు.

2023లో కాలిఫోర్నియా ఇంకో చట్టం చేసింది. 2027 నుంచి దశలవారీగా ఆఫీసుల ముందు, దుకాణాల ముందు, కాలనీల ఉమ్మడి స్థలాల్లో కేవలం అలంకారానికి పెంచే గడ్డికి మంచినీళ్ళు పెట్టకూడదు. సొంత ఇళ్ళ ముందు గడ్డికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఇక్కడ ఇల్లు కొనబోయే తెలుగువాళ్ళకు ఒక్కటే మనవి: ముందు గడ్డి పీకించండి, గృహప్రవేశం ముహూర్తం ఆ తర్వాత పెట్టించుకోండి.